హిందూపురంలో మంచు బండి

మా నూనె మిల్లులో మోటారు కాలిపోతే, ఇంకొకటి తేవడానికి మా ఆయన బెంగళూరు వెళ్లారు. అక్కడ మిలటరీవాళ్లు తమకు అక్కరలేని సామాను వేలం వేస్తున్నారని ఎవరో చెప్పారట. మోటారు కోసం వెళ్లిన మనిషి లారీ మీద ఒక బండిని ఎక్కించుకొని తిరిగివచ్చారు. మోటారు సంగతి అడిగితే, అది ఎప్పుడైనా దొరుకుతుంది, ఇది దొరుకుతుందా అన్నారు. మిల్లు మరి కొన్నాళ్లు మూతబడే ఉంది. చెనక్కాయల మూటలకు ఎలుకలు పట్టాయి.

నాకు పెళ్లయి ఆ ఇంటికి వచ్చి అప్పటికి కొద్దికాలమే. ఇది యాభయ్యో పడి చివరి మాట.

లారీ మీదనుంచి పలకలు వేసి దింపిన ఆ బండి జీపుకంటే పొట్టిగా, నీళ్ల గాబులాగా ఉంది. చక్రాలు ఉండవలసిన చోట రెండు పక్కలా రబ్బరు పట్టీలకు ఇనుప రేకులు బిగించిన చైన్లు. పైన గుడ్డ కప్పు. పట్టుకొని తిప్పడానికి చక్రం కూడా లేదు, రెండు ఇనుప కడ్డీలు. ఏ పక్కకు తిరగాలంటే ఆ పక్క కడ్డీని లాగాలి. యుద్ధకాలంలో మంచు పడే దేశాల్లో సైనికులను తిప్పడానికి తెల్లవాళ్లు చేయించుకున్న బండి అట. మంచులో మనిషి మోకాలిదాకా దిగబడే చోట ఇది పైపైన పోతుందట.

మా అత్త వాకిట్లో నిలబడి అంతా విని, "ఈడ మంచు యాడుండాది రా?" అని అడిగింది.

"మంచు మీద పోయేది ఇసకలో పోదా అమ్మా? బురదలో పోదా? ఆలోచన చెయ్యాల" అన్నారు ఆయన.

ఆ మాటలో తప్పు లేదు. మా ఆయన మాటల్లో తప్పు ఎప్పుడూ ఉండదు, పనుల్లోనే ఉంటుంది. మా చేలు కొన్ని పెన్న అవతల ఉండేవి. ఏడాదిలో ముప్పాతిక భాగం పెన్న అంటే ఇసుకే. కారు పోదు. ఎద్దుల బండి పోతుంది, తాత ముత్తాతల నాటినుంచీ పోతూనే ఉంది. కాని ఎద్దుల బండి మీద పోతే తిరిగి చూసేవాడెవడు?

ఆయనకొక స్నేహితుడుండేవాడు, పని లేని ప్లీడరు. అతను కోర్టులో నోరు తెరవగా చూసినవాళ్లు లేరు, మా వరండాలో మూయగా చూసినవాళ్లు లేరు. సరిగ్గా కాఫీ వేళకు వచ్చేవాడు. బండి చుట్టూ తిరిగి, రేకుల మీద వేళ్లతో కొట్టి, బెంగళూరంతా వెతికినా ఇట్లాంటిది ఇంకొకటి ఉండదని తీర్పు చెప్పాడు. ఉండదు నిజమే. బెంగళూరువాళ్లకు అవసరం లేకనే కదా అది మా ఇంటికి వచ్చింది.

వీధిలోవాళ్లు దానికి జెర్రిబండి అని పేరు పెట్టారు. చైన్లు కదిలేటప్పుడు జెర్రి కాళ్లలాగానే ఉండేవి. మా ఆయనకు ఆ పేరు గిట్టదు. మంచు బండి అనాలి. ఎవరైనా జెర్రిబండి అంటే, పిల్లవాడికి గుణింతం దిద్దించినట్టు ఆగి సరిచేసేవారు.

మొదటిసారి పెన్నలో నడిపినప్పుడు నన్ను కూడా తీసుకువెళ్లారు. పొద్దున్నే చల్లగా ఉంది. ఇసుక మీద అది నిజంగానే బాగా పోయింది. తిరిగి వచ్చేసరికి ఎండ ఎక్కింది. అప్పుడు తెలిసింది దాని సుఖం. చలిదేశపు సైనికుల ఒళ్లు వెచ్చగా ఉండాలని దాని ఇంజనును మనుషులు కూర్చునే చోటనే పెట్టారట. ఈ సంగతి మా ఆయనే గర్వంగా చెప్పారు. వైశాఖంలో, పట్టపగలు, హిందూపురంలో ఆ వెచ్చదనాన్ని నేను అనుభవించాను. ఇల్లు చేరేసరికి నా కుడికాలి మీద బొబ్బలు లేచాయి. అత్త వెన్న రాసింది. కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడితే అటు తిరిగి కూర్చుంది.

ఆ ఎండాకాలంలోనే మా ఆడబిడ్డ పెళ్లి కుదిరింది. పట్టుచీరలకు ధర్మవరం పోవాలి. రైలు ఎక్కితే పెనుకొండ మీదుగా హాయిగా ధర్మవరంలో దిగవచ్చు. ఊళ్లో అందరూ అట్లాగే పోతారు. అందుకే మా ఆయనకు అట్లా పోవడం కుదరదు. మంచు బండి తీశారు. నేను, ఆయన, ఆయన పక్కన ప్లీడరు. చీరల ఎంపికలో ప్లీడరుకు ఏం పని అని ఎవరూ అడగలేదు.

గట్టి రోడ్డు మీద ఆ చైన్లు చేసే చప్పుడుకు మాట వినిపించేది కాదు. అది నా అదృష్టం. ప్లీడరు నోరు కదలడం మాత్రం కనిపించేది. సోమందేపల్లి చేరేసరికి ముందునుంచి ఆవిరి లేచి బండి ఆగిపోయింది. మా ఆయన దిగి నీళ్లు, నీళ్లు అన్నారు. రోడ్డు పక్క హోటలువాడు ఒక బిందె ఇచ్చాడు. అది పోసి కదిలితే, ఊరు దాటకుండానే మళ్లీ ఆగింది. ఇంకొక బిందె. ఆ సంవత్సరం బావులు అడుగంటి ఉన్నాయి. ఆడవాళ్లు ఎక్కడినుంచో మోసుకొస్తున్న నీళ్లు అవి. మా ఆయన ఒకామెను ఆపి, నెత్తిమీది కడవ దించమన్నారు. ఆమె దించింది. పెద్దమనిషి అడిగితే కాదనలేక దించింది. ఆ నీళ్లు కూడా బండి తాగేశాక ఆమె ఖాళీ కడవ ఎత్తుకుంది. నా వైపు తిరిగి అంది.

"మా గొడ్లు తాగితే పాలన్నా ఇస్తాయమ్మా. ఇది ఏమిస్తాది?"

నేను బండి దిగి చీరల కోసం తెచ్చిన సంచీ తీసుకొని బస్సు కోసం నిలబడ్డాను. మా ఆయన నలుగురిలో నన్ను వారించలేకపోయారు. పెనుకొండలో మా అమ్మ ఇంట్లో అన్నం తిని, తమ్ముణ్ణి తోడు తీసుకొని ధర్మవరం పోయి, నేతగాళ్ల ఇంట్లో కూర్చుని చీరలు తీసుకొని రైల్లో తిరిగివచ్చాను. ఆ ఇంటి ఇల్లాలు నన్ను వక్కాకు ఇచ్చి పంపుతూ, చక్రాలు లేని బండి మీ ఊళ్లో ఉందట కదా, నిజమేనా అని అడిగింది. నేను వినలేదు, తెలియదు అన్నాను.

ఆయన నాకంటే ఆలస్యంగా వచ్చారు. మంచు బండిని ఎద్దులు లాక్కొచ్చాయి. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. ప్లీడరు అందరికీ చెప్పుకుంటూ వచ్చాడు, చైన్లు ఎంత గట్టివో పరీక్ష చేయడానికే ఎద్దులను కట్టించారని.

పరీక్షలో చైన్లే ఓడిపోయాయి. మంచు మెత్తనిది, మా రోడ్డు రాయి. రేకులు అరిగాయి, రబ్బరు మా ఎండకు పగుళ్లిచ్చింది. ఒక చైను తెగితే ఇంకొక చైను కావాలి. అది ఎక్కడ దొరుకుతుంది? బెంగళూరులో లేదు, మద్రాసులో లేదు. ఆ బండి చేసిన దేశంలో ఉంటుందేమో. ధర్మవరం నుంచి ఒక ఫిట్టరును పిలిపించారు. అతను రేకొకటి ఊడదీసుకుని, ఇట్లాంటివే చేసి తెస్తానని తీసుకుపోయాడు. తెచ్చినవి మందంగా వచ్చాయి. వాటిని బిగిస్తే బండి కుంటి గాడిదలాగా ఒక పక్కకు ఎగిరేది. దాన్ని కూడా మా ఆయన ఒక గుణంగా చెప్పేవారు, గుంతల్లో పడకుండా దూకుతుందని.

ఇంట్లో ఆవును కొన్నా, కుట్టుమిషను కొన్నా, కొన్నవాడికి దానివల్ల ఏదో ఒక పని జరగాలి. పాడైతే బాగుచేసేవాడు దగ్గరలో ఉండాలి. దానికి పెట్టే మేత మనకు దొరకాలి. మనం బతికే ఎండకూ వానకూ అది తట్టుకోవాలి. ఇంతే కదా. మా అత్తకు అక్షరం రాదు. ఆమె కోడిపెట్టను కొనేటప్పుడు కూడా ఇవన్నీ చూసుకునేది. మా ఆయన ఇంటరు చదివారు.

తరవాత ఒకటి రెండేళ్లు బండి మిల్లు షెడ్డులోనే ఉంది. పండగలకు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, వీధి చివరిదాకా నడిపి తెచ్చేవారు. మిల్లుకు మోటారు వచ్చింది, నూనె వచ్చింది, రోజులు గడిచాయి.

అరవయ్యో పడిలో ఒక ఏడు చిత్తకార్తెలో వాన పట్టుకుంది. మా సీమలో వాన అంటే కళ్లకద్దుకుంటాం, కాని ఆ వాన ఆగలేదు. రైళ్లు నిలిచిపోయాయి. సోమందేపల్లి దాటాక ఒక చెరువు తెగి రోడ్డు పక్కనంతా నీళ్లు నిలిచాయని, బస్సులు తిరగడం లేదని కబురు వచ్చింది. పెనుకొండలో మా అమ్మ వీధిలో మట్టి మిద్దెలు నాని కూలుతున్నాయని రైల్వేలో పనిచేసే ఒకాయన వచ్చి చెప్పాడు. మా అమ్మది కూడా మట్టి మిద్దే. నన్ను అక్కడికి తీసుకుపొమ్మని మా ఆయనను అడిగాను.

ఆయన ఒప్పుకున్నారు. మా అమ్మ కోసం అని ఆ క్షణంలో అనుకున్నాను. బండి ఎక్కి, వెనక అప్పటికే కూర్చుని ఉన్న ప్లీడరును చూశాక తెలిసింది. ముంపు చూడడానికి వచ్చిన ఒక పెద్ద అధికారి దారి లేక పెనుకొండలో ఇరుక్కున్నాడని ప్లీడరు అంతకుముందే కబురు మోసుకొచ్చాడట.

ఉన్న మాట చెప్పాలి. ఆ రోజు బండి అద్భుతంగా పోయింది. వాన దాని ఇంజనును చల్లబరుస్తూనే ఉంది. లారీలు ఇరుసులదాకా కూరుకుపోయిన బురద మీద అది బాతులాగా సాగింది. ఇరుక్కున్న లారీల డ్రైవర్లు నోళ్లు తెరుచుకొని చూశారు. మా ఆయన చినిగిన గుడ్డ కప్పు కింద వాన నీళ్లు కారుతున్న ముఖంతో, రెండు కడ్డీలు పట్టుకొని, పెళ్లిపీటల మీద కూడా లేనంత సంతోషంగా ఉన్నారు.

తెగిన చెరువు దగ్గరికి వచ్చాం. రోడ్డుకు ఎడమపక్క పొలాలన్నీ ఎర్రనీళ్లు. ఆ నీళ్ల మధ్య ఒక తిప్ప మీద గొర్రెల మంద, మందతోపాటు ఒక మొగుడూ పెళ్లాం, ఒక ముసలమ్మ. గొంగళ్లు కప్పుకొని నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి ఆ మొగుడు కర్రకు తుండుగుడ్డ కట్టి ఊపాడు.

"ఆపండి. ఆడ మనుషులుండారు" అన్నాను.

"చూసినాలే. వచ్చేటప్పుడు ఎక్కించుకుందాం. ఆయప్ప మన కోసం ఎదురుచూస్తాంటాడు" అన్నారు.

అధికారి ఎదురుచూస్తాడన్న మాట అబద్ధం. మేం వస్తున్నట్టే అతనికి తెలియదు. గొర్రెలు ఎక్కితే బండంతా గబ్బు పడుతుందని, పెద్దవాళ్లు కూర్చోవలసిన చోటని వెనకనుంచి ప్లీడరు అందుకున్నాడు. కల్వర్టు మీద బండి నెమ్మదించినప్పుడు నేను కిందికి దిగేశాను.

"నేను ఈడే ఉంటా. పోయి పిలుచుకొని రాండి మీ దొరను."

ఆయన బండి ఆపి రోడ్డుకు ఇటూ అటూ చూశారు. ఎవరూ లేరు. చూసేవాళ్లు ఒక్కరు ఉన్నా ఆగి ఉండేవారని నేను ఇప్పటికీ అనుకుంటాను. ఎవరూ లేరు కనుక వెళ్లిపోయారు.

వానలో నేను, నీళ్లవతల వాళ్లు. గాలి తగ్గినప్పుడు ఆ ఆడమనిషి గొంతు వినిపించేది. పోయినారా అని అడిగింది. వస్తారు అని అరిచాను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. మొగుడు కర్రతో లోతు చూసుకుంటూ నాలుగు అడుగులు వేశాడు, రొమ్ముదాకా బురదలో దిగిపోయి, కర్ర ఆసరాతో వెనక్కి పాకాడు. నేను దిగినప్పుడు తిప్ప పక్కన ఒక తుమ్మచెట్టు బోదె కనిపించేది. తరవాత కొమ్మలే కనిపించాయి. ముసలమ్మ ఒక గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకొని కూర్చుండిపోయింది.

చాలాసేపటికి చైన్ల చప్పుడు వినిపించింది. ముందు మా ఆయన పక్కన రెయిన్‌కోటు వేసుకొని అధికారి కూర్చున్నాడు. వెనక ప్లీడరు అతనికి గొడుగు పట్టాడు. తడిసి ముద్దయి రోడ్డు మీద నిలబడిన ఆడమనిషిని చూసి, ఎవరామె అని అధికారి అడిగాడు. మా ఆయన తడుముకోలేదు.

"మా ఇంటామె సార్. ఆ మనుషులను చూసి, వాళ్లకు ధైర్యం చెప్పేదానికి ఈడ నిలిచినాది. మీరు ముందుండి నడిపిస్తే వాళ్లను ఇవతలికి తెద్దామని మీ కోసం వచ్చినాను."

అధికారి తిప్ప వైపు చూశాడు. "మరి ఇంకా మాటలేమిటి? పదండి" అన్నాడు.

బండి నీళ్లలోకి దిగి, గాబులాంటి తొట్టి సగం తేలుతూ పోయింది. మొదటి విడత ముసలమ్మను, ఒళ్లోని గొర్రెపిల్లను తెచ్చారు. నేను ఆమె చేయి పట్టి దించాను. చెయ్యి మంచుగడ్డలాగా చల్లగా ఉంది. తరవాత మొగుణ్ణీ పెళ్లాన్నీ, ఎత్తగలిగినన్ని గొర్రెపిల్లలనూ తెచ్చారు. అధికారికి సరదా పుట్టింది. మిగిలిన గొర్రెపిల్లల కోసం ఇంకొకసారి పోదామన్నాడు. ఆ విడత తిరిగి వస్తుంటే, ఒడ్డుకు దగ్గరగానే, ఫిట్టరు చేసిన రేకులున్న చైను తెగింది. బండి ఉన్నచోటనే గుండ్రంగా తిరిగి, ఒక పక్కకు ఒరిగి నిలిచింది. దిగితే బురద. కూర్చుంటే నీళ్లు లోపలికి వస్తున్నాయి.

అప్పుడు ఆ గొర్రెలాయన కల్వర్టు గోడకు తాడు కట్టి, నడుముకు చుట్టుకొని దిగాడు. ముందు గొర్రెపిల్లలను తెచ్చాడు. తరవాత అధికారిని వీపున మోసుకొచ్చాడు. చివరకు మా ఆయనను. మా ఆయన బూట్లు బురదలో పోయాయి. రోడ్డు మీద గొడుగు కింద నిలబడిన ప్లీడరు, జాగ్రత్త, జాగ్రత్త అని అరుస్తూ ఉన్నాడు.

అందరం నడిచి పెనుకొండ చేరాం. మా అమ్మ పక్కింటివాళ్ల రాతిమిద్దెలో క్షేమంగా కూర్చుని ఉంది. అల్లుడు అంతకుముందే ఊళ్లోకి వచ్చిపోయిన సంగతి ఆమెకు తెలియనే తెలియదు. మరునాడు నీళ్లు తీశాయి. తిప్ప మీద వదిలేసిన పెద్ద గొర్రెల్లో కొన్ని చచ్చాయి, కొన్ని బతికాయి.

హిందూపురంలో మా ఆయనకు సన్మానం చేశారు. నేను వెనక వరసలో కూర్చున్నాను. తిప్ప మీద మనుషులను మొదట తానే ఎట్లా చూసిందీ, అధికారిని ఎట్లా ఒప్పించిందీ ఆయన చక్కగా వివరించారు. వీపున మోసిన మనిషి ఆ కథలో లేడు. గొర్రెలవాళ్లను ఎవరూ పిలవలేదు. ప్లీడరు మాత్రం దండలు అందించాడు.

బండిని ఎద్దులతో బయటికి లాగించి, కడిగించి, షెడ్డులో పెట్టించారు. ఆ అధికారి చెప్పి పంపాడేమో, కొన్నాళ్లకు ఇద్దరు ఇంజనీర్లు దాన్ని చూడడానికి వచ్చారు. ముంపు వచ్చినప్పుడు వాడుకోవడానికి పనికివస్తుందా అని. వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాం. వాళ్లు మర్యాదగా అడగడం మొదలుపెట్టారు. చైను తెగితే మరొకటి మీ దగ్గర ఉందా? లేదు. ఎక్కడ దొరుకుతుందో తెలుసా? తెలియదు. గట్టి నేల మీద ఎంత దూరం పోతే చైను అరుగుతుంది? చూడలేదు. ఎండలో ఎంతసేపు నడుస్తుంది? దానికి మా ఆయన, ముంపు వానలోనే కదా వచ్చేది అన్నారు. మీరు ఊళ్లో లేకపోతే నడపడానికి ఇంకెవరికి తెలుసు అని అడిగారు. నేను తప్ప ఎవరూ నడపలేరు అని ఆయన గొప్పగా చెప్పారు. ఇంజనీర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకొని, కాఫీ బాగుందని నాతో చెప్పి వెళ్లిపోయారు.

వాళ్లకు కుళ్లు అన్నాడు ప్లీడరు.

ఆ మాటకు మా ఆయన నవ్వుతూ నా వైపు చూశారు. నేను గ్లాసులు ఏరుకుంటున్నాను.

"వాళ్లు అడిగినవన్నీ కొనేటప్పుడు మీరు అడగాల్సినవి" అన్నాను. "మీకు బండి పోయేది అక్కరలేదు. పోతాంటే చూసేవాళ్లు కావాల. అంతకు మించి మీరు దాన్ని ఎప్పుడన్నా ఏమన్నా అడిగినారా?"

ప్లీడరు చెప్పులు వెతుక్కున్నాడు. మా ఆయన లోపలికి పోయారు. ఆ తరవాత చాలాకాలం నాతో బండి మాట ఎత్తలేదు.

మా అత్త చనిపోయిన ఏడు మిల్లును పెద్దది చేయాలని షెడ్డు ఖాళీ చేయించాం. పాత ఇనుము కొనేవాళ్లు ధర్మవరం నుంచి లారీతో వస్తామన్న రోజున మా ఆయన పని ఉందని మడకశిర వెళ్లారు. నేనే దగ్గరుండి ఇప్పించాను. కూలీలు చైన్లు విప్పి విడిగా వేశారు. తొట్టికి మోకులు కట్టి లారీ మీదికి లాగారు. ఇది ఏం బండమ్మా అని వాళ్లలో ఒకడు అడిగాడు. చెప్పాను. తల ఊపి బీడీ వెలిగించుకున్నాడు.

ఆయన సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కొని అన్నానికి కూర్చున్నారు. ముద్ద పప్పులో అద్దుకుంటూ, తల ఎత్తకుండా అడిగారు.

"చూసేదానికి ఎవరన్నా వచ్చినారా?"

"ఎవరూ రాలేదు" అన్నాను. నిజంగానే ఎవరూ రాలేదు. అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఎదురింటామె కూడా తల తిప్పలేదు.

ఆయన మజ్జిగ పోయమన్నట్టు చెయ్యి చూపారు. పోశాను.